అక్క కోసం సర్దిన గది

పెద్దావిడ ఇల్లు, మేడ మీద గది

నా సెలవులు నన్నడక్కుండా దానం చేశావు. ముందు ఆ మాట ఒప్పుకో, క్షేమసమాచారాలు తర్వాత అడుగుదువుగాని.

మూడేళ్ళుగా ఓడల పొట్టల కింద వెల్లకిలా పడుకుని వెల్డింగు చేస్తున్నాను. పైన ఇనుము, కింద ఇనుము, కళ్ళ ముందు నిప్పు. ఇన్నాళ్ళకి ఓడలు నిలిపే డాకు మరమ్మతని యార్డు మూశారు. ఇంటికొచ్చి, అమ్మ తిట్లు తింటూ, బారెడు పొద్దెక్కేదాకా పడుకుందామని పెట్టె కూడా సర్దాను. సరిగ్గా అప్పుడే నీ ఫోను. నేనున్న దేశంలోనే ఎవరో పెద్దావిడ మన భాష నేర్చుకోవాలంటోందట, ఆవిడ నన్నే అడిగిందట, నువ్వు మాటిచ్చేశావట, ఇక నీ పరువు నా చేతుల్లో ఉందట. నీ పరువు మొయ్యడానికి నా నడుమే దొరికిందా?

ఫోన్ ఎత్తడం లేదని అమ్మ దగ్గర ఏడవకు. ఎత్తను. ఫోన్‌లో నువ్వు రెండు తియ్యటి మాటలంటే నేను కరిగిపోతాను, చిన్నప్పటి నుంచీ ఇదే తంతు. కాగితం మీద నీ పప్పులుడకవు. నువ్వూ రాసే పంపు, సరిహద్దు దాటే రైల్లో వేస్తే రెండో రోజుకి అందుతుంది.

మాస్టారట! పదో తరగతి గట్టెక్కనివాణ్ణి. ఈ దేశపు భాష నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. యార్డు గోడల మీది హెచ్చరికలు చూసి, ఫోర్‌మన్ తిట్లు విని నేర్చుకున్నాను. ముట్టుకోకు, తల దించు, చస్తావు - ఇవి బాగా వచ్చు. దయచేసి అనడం రావడానికి ఏడాది పట్టింది. నువ్వేమో అదే భాషలో బంగారు పతకం తెచ్చుకుని ఎనిమిదేళ్ళుగా బళ్ళో పాఠం చెప్తున్నావు. నిన్ను వదిలేసి నన్నడుగుతారా ఎవరైనా?

సరే, వచ్చాను. ఇప్పుడు నువ్వు నాకు చెప్పని సంగతి నేనే నీకు చెప్తాను, విను.

ఈ పెద్దావిడ ఊళ్ళో బస్సులు నడిపి రిటైరైంది. అరచేతులు నా చేతుల్లాగే మొద్దుబారి ఉంటాయి. భర్త మనవాడు. నలభై ఏళ్ళ కింద ఓడలో వడ్రంగిగా వచ్చి, ఈవిణ్ణి పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. ఇంట్లో ఎప్పుడూ ఈ దేశపు భాషే. మొన్నామధ్య పెద్దాయన పెరట్లో రంపం పట్టుకునే కుప్పకూలాడు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి ఆ భాష మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఒక్క ముక్క మిగల్లేదు, అర్థం కూడా కాదు. మిగిలింది మన భాష ఒక్కటే. ఆవిడకేమో మన భాషలో ఒక్క ముక్కా రాదు. నలభై ఏళ్ళు ఒకే మంచం మీద పడుకున్న మనుషులు ఇప్పుడు ఒకరికొకరు పరాయి దేశం.

నేను గదిలోకెళ్ళి, ఏం పెద్దాయనా ఎలా ఉన్నారు అన్నాను, అంతే. పొద్దు వాలేదాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఆయన నోటినే చూస్తోంది. పని నేర్చుకునే రోజుల్లో నేను నిప్పుని అలా చూసేవాణ్ణి. చూస్తే కళ్ళు పోతాయని భయం, చూడకపోతే పని రాదని భయం.

అసలు సంగతి ఇది. ఆయన మెడలో రక్తం పారే గొట్టం పూడుకుపోయిందట. కోసి శుభ్రం చెయ్యాలంటాడు డాక్టరు. చేస్తే బాగుపడొచ్చు, ఉన్న మాట కూడా పోవచ్చు. చెయ్యకపోతే ఎప్పుడైనా మళ్ళీ పడిపోవచ్చు. కాస్త బలం పుంజుకోనిద్దాం, మూడు నాలుగు వారాల్లో ఆయన అవునో కాదో చెప్పాలి అన్నాడు, అంటే నా సెలవులయ్యేలోపే. ఆసుపత్రివాళ్ళు ఫోన్‌లో ఎవరో దుబాసీని పెట్టి అడిగిస్తే పెద్దాయన మొహం తిప్పుకున్నాడట. దానిదేముంది, నేనిప్పుడే అడిగేస్తాను అన్నాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని గది బయటికి లాక్కొచ్చింది.

"నా మొగుణ్ణి నేనే అడగాలి. మధ్యలో ఇంకో నోరు వద్దు. నేర్పుతావా, పోతావా?" అంది.

ఫోర్‌మన్ కూడా నాతో అంత గట్టిగా మాట్లాడలేదు. నేర్పుతానన్నాను. ఎలా నేర్పాలో నాకు తెలీదు, నీకు తెలుసు. తెలిసినదానివి నువ్వక్కడ కూర్చుని, తెలియని నన్ను ఇందులోకి ఎందుకు తోశావో రాయి.

తమ్ముడు


స్టాఫ్ రూము, కిటికీ పక్క బల్ల

చిరంజీవి కోపిష్ఠి తమ్ముడికి,

నీ ఉత్తరం చదువుతుంటే కాగితం వేడిగా తగిలింది. ఓడకి పెట్టే నిప్పు అక్కకి పెట్టకురా. ఒప్పుకున్నాను, అడక్కుండా మాటిచ్చాను. నువ్వక్కడే ఉన్నావు, ఇద్దరూ అవస్థలో ఉన్నారు. నేను రాలేను కదా. సెలవులన్న మాటే గానీ పేపర్లు దిద్దే డ్యూటీ వేశారు. కట్టలు కట్టలుగా నా నెత్తినే ఉన్నాయి.

నేర్పడం పెద్ద విద్యేం కాదు. ముందు అక్షరాలు దిద్దించు. తర్వాత గుణింతం. తర్వాత చిన్న చిన్న మాటలు. నేను పిల్లలకి వాడే బొమ్మల పటాలు పంపుతున్నాను, గోడకి అంటించు. ఆవిడ తప్పు పలికితే కసురుకోకు. నీ నోరు సంగతి నాకు తెలుసు.

నువ్వు రావడం లేదని అమ్మ అలిగింది. నీ కోసం ఉతికి పెట్టిన దుప్పటి మళ్ళీ మడతపెట్టింది. ఇంతకీ ఆవిడ ఎలాంటి మనిషి? మన భాష నోట్లో ఎలా పలుకుతోంది? వివరంగా రాయి.

నీ అక్క


పెద్దావిడ ఇల్లు, వంటగది బల్ల

నీ కాలు ఎప్పుడు విరిగింది?

అడుగుతున్నాను చెప్పు. నిన్న పెద్దావిడ అంట్లు తోముతూ, పాపం మీ అక్క కాలు అతుక్కుందా అంది. ఏ కాలన్నాను. నువ్వు రాసిన ఉత్తరం తెచ్చి చూపించింది. ఆవిడ నీకు పతకమిచ్చిన భాషా సంస్థకి రాస్తే వాళ్ళు ఇచ్చింది నీ పేరు. పిలిచింది నిన్ను, ఈ సెలవులకి రమ్మని. నువ్వేమో మెట్ల మీద పడి కాలు విరిగింది, తమ్ముణ్ణి పంపుతున్నాను అని రాశావు. ఎంత చక్కటి భాషో, ఇప్పుడు మా వాళ్ళే ఇలా రాయడం లేదు అని ఆవిడ మెచ్చుకుంటోంది. నేను సిగ్గుతో చచ్చి, అతుక్కుంటోంది, ఇంకా కుంటుతోంది అన్నాను. నీ వల్ల నేనూ అబద్ధాలకోరునయ్యాను.

మేడ మీద గది ఎందుకలా ఉందో ఇప్పుడర్థమైంది. పూల దిండు, నిలువుటద్దం, జడపిన్నులు పెట్టుకునే చిన్న గిన్నె. వెల్డరుకి జడపిన్నులెందుకా అని మొదటి రోజు నుంచీ బుర్ర గోక్కుంటున్నాను. నీకోసం సర్దిన గదిలో నేను పడుకుంటున్నాను. ఎందుకు రాలేదో నిజం రాయి. పేపర్ల కట్టల కథ నాకు చెప్పకు.

నీ పటాలు గోడకి అంటించాను. ఆవిడ వాటి వంక ఒకసారి చూసి, ఈ బస్సెక్కితే నా మొగుడి దగ్గరికి ఏ ఏడాదికి చేరతానంది. నిజమే కదా. అప్పుడు యార్డులో నాకు పని నేర్పిన ముసలి వెల్డరు గుర్తొచ్చాడు. వెనక నిలబడి నా చెయ్యి తన చేత్తో పట్టుకుని నడిపించేవాడు. ముందు బరువు తెలియాలి, పేరు తర్వాత, అనేవాడు. నేనూ అదే పెట్టుకున్నాను. చేతిలో లేని వస్తువు పేరు చెప్పను. గ్లాసు చేతికిచ్చి గ్లాసు. దిండు ఎత్తించి దిండు. గడియ తీయించి గడియ. పెద్దాయన పెరటి కొట్టంలోకి తీసుకెళ్ళి చెక్కని నున్నగా చిత్రిక పట్టించి చిత్రిక.

నువ్వు చూడాలి అక్కా ఆవిణ్ణి. ఒక్కో మాటకీ కుడిచెయ్యి గేరు మార్చినట్టు కదులుతుంది. పలకలేకపోతే కాలు నేలకేసి నొక్కుతుంది, బ్రేకన్నమాట. వెనక్కి తీసి, మళ్ళీ ముందుకి. 'ళ' దగ్గర రోజంతా బండి ఆగిపోయింది. పొద్దున నేను లేచి కిందికొస్తే వంటగదిలో తనలో తను నీళ్ళు, కళ్ళు, వేళ్ళు అనుకుంటోంది. నీళ్ళు తాకి, కళ్ళు తాకి, వేళ్ళు పట్టుకుని. ఆ వయసులో ఆ పట్టుదల! నేను మాస్టార్నని మర్చిపోయి మెట్ల మీదే నిలబడిపోయాను.

ఒక తప్పు కూడా జరిగింది. నవ్వకు. నాకొచ్చిన మాటలు యార్డు మాటలు కదా. మన కుర్రాళ్ళతో ఎలా అంటానో అలాగే నేర్పాను, ఆలోచించలేదు. మొన్న ఆవిడ టీ పట్టుకుని మంచం దగ్గరికెళ్ళి, గేరు వేసి, భర్తతో అంది:

"ఒరేయ్, లేరా. టీ తాగరా."

పెద్దాయన తల తిప్పి ఆవిణ్ణి చూశాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. పడిపోయాక ఆయన నవ్వడం అదే మొదలట. మంచం ఊగింది, టీ దుప్పటి మీద ఒలికింది, కళ్ళవెంట నీళ్ళు. "రా అని పిలిచేవాళ్ళంతా పోయారనుకున్నాను" అని నాతో అన్నాడు. ఆవిడవైపు తిరిగి, "ఏంటే, పొగరా నీకు?" అన్నాడు.

ఏమన్నాడు, ఏమన్నాడు అని ఆవిడ నా చొక్కా పట్టుకుంది. ఏంటే అని పిలిచాడు, ఎవరినిబడితే వాళ్ళని అలా అనరు, సొంత మనిషినే అంటారు అని చెప్పాను. ఆవిడ అక్కడే నేల మీద కూలబడి మంచం కోడుని పట్టుకుంది. నేను గదిలోంచి వచ్చేశాను. అక్కడ మూడో మనిషి ఉండకూడదనిపించింది.

మర్నాడు బుద్ధి తెచ్చుకుని, తప్పు, పెళ్ళాలు అలా అనరు, లేవండి అనాలి అని దిద్దాను. లేవండి అంది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. చేసేది లేక మళ్ళీ పాత దారికే వచ్చాం.

నిజం రాయి. కాలు సంగతి.

తమ్ముడు


ఇల్లు, మంచం మీద నుంచి

ఒరేయ్ తమ్ముడూ,

మొగుణ్ణి ఒరేయ్ అనిపించిన మాస్టారు ఈ భూమ్మీద నువ్వొక్కడివే. చదివి వినిపిస్తే అమ్మ ముందు నోరు నొక్కుకుంది, తర్వాత వాడేం చేసినా అంతే అని నవ్వింది. దుప్పటి అలక తీరినట్టే ఉంది.

కాలు విరగలేదు. రెండు కాళ్ళూ గుండ్రాయిలా ఉన్నాయి. పేపర్లు కూడా లేవు, ఆ స్టాఫ్ రూమూ అబద్ధమే.

ఆవిడ పిలిచిన రోజు నేను గాల్లో తేలాను. చదివిన దేశాన్ని కళ్ళారా చూస్తానని పెట్టె దించాను. అద్దం ముందు నిలబడి, రైలు దిగగానే ఆవిడతో ఏమంటానో అనుకుని చూసుకున్నాను. గొంతు పెగల్లేదురా. నేను ఆ భాషలో పాఠం చెప్పగలను, పద్యం అప్పజెప్పగలను. ఎదురుగా ఒక మనిషి నిలబడి నాకేసి చూస్తే మాట్లాడలేను. ఇన్నేళ్ళలో నాతో ఆ భాష మాట్లాడింది నా బళ్ళో పిల్లలే, వాళ్ళకి వచ్చింది నేను చెప్పిందే. పైగా అక్కడ మంచం మీద ప్రాణం మీదికొచ్చిన మనిషి. నా నోరు తడబడితే ఆవిడకి ఎంత నష్టం అనుకున్నాను. నీకు సిగ్గూ భయం లేవు, నువ్వే నయమనిపించింది.

తిట్టాలనుంటే తిట్టు. కానీ మధ్యలో ఆపకు. ఆవిడ ఎంతవరకు వచ్చింది?

నీ అక్క


పెద్దావిడ ఇల్లు, పెరటి కొట్టం

తిట్టడానికి తీరిక లేదు. తర్వాత తిడతాను.

బండి ఆగిపోయింది. ఇంట్లో చేత్తో పట్టుకునేవన్నీ ఆవిడకి వచ్చేశాయి. రంపం, ఉలి, సుత్తి, మేకు, తలుపు, చెప్పులు, అన్నీ. ఇద్దరూ కొట్టంలో కూర్చుని ఒక్కో సామాను చేతులు మార్చుకుంటున్నారు. ఆయన పేరు చెప్తాడు, ఆవిడ అంటుంది. కానీ డాక్టరు అడగమన్నది చేతికి దొరికేది కాదు. కావచ్చు, పోవచ్చు, ఇష్టం, వీటికి బరువేదీ? ఎలా ఎత్తించను? నాలుగు రోజులుగా గుంజుకుంటున్నాను. నిన్న ఆవిడ నా చేతిలో పలక లాక్కుని గోడకేసి కొట్టింది. తర్వాత తనే ముక్కలు ఏరింది.

నువ్వే చెప్పెయ్యి, ఆయన్ని అడిగెయ్యి అంటుందేమోనని చూశాను. అనలేదు. ముక్కలు చెత్తబుట్టలో పోసి, మళ్ళీ కూర్చుని, ఊఁ అంది.

డాక్టరు వచ్చే వారం మళ్ళీ వస్తాడు. నాకు ఇక్కడితో అయిపోయింది. ఇది నీ విద్య. చెప్పు.

తమ్ముడు


ఇల్లు, తెల్లారగట్ల

తమ్ముడూ,

నాలుగే మాటలు నేర్పు. ఆపరేషన్ అనే మాటే వద్దు.

కోస్తారు. బాగవ్వచ్చు. మాట పోవచ్చు. నీ ఇష్టం.

కోత వడ్రంగి పెళ్ళానికి కొత్త కాదు. రంపం చేతికిచ్చి ఒక చెక్క కోయించు. తర్వాత ఆయన మెడ మీద ఆవిడ వేలుతో గీయించు, నెమ్మదిగా. బాగవ్వడానికి, కాలు విరిగిన పీట ఏదైనా ఉంటే బాగుచేయించు. పోవడానికి, గ్లాసుతో నీళ్ళు పారబోయించు. మళ్ళీ నింపొద్దు, ఖాళీ గ్లాసు ఆవిడ చేతిలోనే ఉండనీ. ఇష్టానికి మాత్రం తొందరపడకు. పొద్దున టీ ఒక చేత్తో, పాలు ఒక చేత్తో పట్టుకుని ఆయన ముందు నిలబడి నీ ఇష్టం అనమను. చొక్కాలప్పుడు రెండు చొక్కాలు. కిటికీ తెరవనా, మూయనా, నీ ఇష్టం. ఆయన చూపించింది ఇచ్చేయాలి, తను మంచిదనుకున్నది కాదు. రెండ్రోజులు అలా చేస్తే ఆ మాటకి బరువు దానంతటదే వస్తుంది.

మా బళ్ళో ఒకటో తరగతి పిల్లలకి నేనిలాగే చెప్తాను. పెద్దవాళ్ళకి పనికొస్తుందో లేదో తెలీదు. ఏమైందో వెంటనే రాయి. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ అక్క


పెద్దావిడ ఇల్లు, పెద్దాయన మంచం పక్క కుర్చీ

అక్కా,

అడిగింది.

నువ్వు చెప్పినట్టే చేశాం. పీట బాగుచేయించాను. నీళ్ళు పారబోయించినప్పుడు ఖాళీ గ్లాసులోకి చూస్తూ ఆవిడ చాలాసేపు నిలబడిపోయింది. ఆ మాట మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు. ఇష్టం దగ్గర మాత్రం నువ్వు ఊహించని గొడవొచ్చింది. ఆయన ప్రతిసారీ ఆవిణ్ణి ఏడిపించడానికి తనకి అక్కర్లేనిదే చూపించేవాడు. చలిలో కిటికీ తెరవమన్నాడు. ఆవిడ పళ్ళు కొరుకుతూ తెరిచి, శాలువా కప్పుకుని, వణుకుతూ ఆయన పక్కనే కూర్చుంది. మాట ఇచ్చాక తప్పదు కదా అన్నట్టు. కాసేపటికి ఆయనే, మూసెయ్యవే చచ్చిపోతాం అన్నాడు. ఆ రోజు నుంచి నీ ఇష్టం అంటే ఆయన ఆటలాడడం మానేశాడు. ఆవిడ నిజంగానే అడుగుతోందని తెలిసింది.

ఈ పొద్దున డాక్టరు వచ్చాడు. ఆవిడ ఆయన్ని గుమ్మం దగ్గరే ఆపి, నన్ను గోడ పక్కన నిలబెట్టి, నోరు మూసుకోమని వేలు చూపించింది. వెళ్ళి మంచం మీద కూర్చుంది. గేరు వెయ్యలేదు. ఆ చెయ్యి పెద్దాయన చేతిలో ఉంది.

"ఒరేయ్. కోస్తారు." మెడ మీద వేలుతో గీసింది. "బాగవ్వచ్చు. మాట పోవచ్చు." అక్కడ ఆగింది. కాలు నేలకేసి నొక్కుతుందేమోనని చూశాను. నొక్కలేదు. "నీ ఇష్టం రా."

ఆ గదిలో అంతకుముందు ఎవరూ ఏమీ మాట్లాడనట్టుంది అక్కా. ఎన్ని ఓడల్ని నీళ్ళలోకి వదలడం చూశాను నేను! అంత పెద్ద ఇనుము మొదటిసారి కదిలి, తేలుతుందా మునుగుతుందా అని యార్డంతా ఊపిరి బిగబట్టే క్షణం ఒకటుంటుంది. ఇది దానికన్నా పెద్దది. డాక్టరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా టోపీ తీసేశాడు.

పెద్దాయన తొందరపడలేదు. ఆవిడ చేతిని తిప్పి అరచెయ్యి చూశాడు. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"కొయ్యమను. నా మాట పోతే పోనీ. నువ్వు మాట్లాడు, నేను వింటా. ఇప్పుడే కదే మొదలెట్టావు."

కొయ్యమను అన్నది ఆవిడకి అర్థమైంది. తనే డాక్టరు వైపు తిరిగి వాళ్ళ భాషలో చెప్పింది, ఒప్పుకున్నాడని. మిగతాది నన్నడిగింది. చెప్పాను. చెప్తుంటే నా నోరే తడబడింది, నిన్ననేదేముంది.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి వంటగదిలోకెళ్ళి తనకొచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే వేళ్ళ మీద ఎంచుకుంది. గడియ, గ్లాసు, దిండు, రంపం. ఎంచి ఎంచి నా వంక తిరిగి, ఇవి ఎన్నాళ్ళకి సరిపోతాయి అంది. ఆయన ఆసుపత్రిలో పడుకుని వినడానికి సిద్ధంగా ఉంటే, నేను రోజూ గ్లాసు, గడియ అంటూ కూర్చోవాలా అంది. మేమెలా కలిశామో చెప్పాలి. నా మొదటి బస్సు సంగతి చెప్పాలి. ఆయన వండి మాడ్చినవన్నీ చెప్పాలి. ఇన్నేళ్ళలో చెప్పకుండా దాచుకున్నవి రెండున్నాయి, అవీ చెప్పాలి. ఇవన్నీ మీ భాషలో ఎలా అంటారు?

నాకు తెలీదక్కా. ముట్టుకోకు, తల దించు నుంచి వచ్చినవాణ్ణి. ఒక మనిషి బతుకంతా ఆ మనిషి భాషలోంచి తీసి మన భాషలో పెట్టాలంటే రెండు భాషలూ లోతుగా తెలిసినవాళ్ళు కావాలి. నువ్వు కావాలి. నీ భయం సంగతి ఆవిడకి చెప్పేశాను, కాలు సంగతి కూడా. తిట్టుకో. ఆవిడ నవ్వి, నాకు నోరు తిరగనప్పుడు మీ తమ్ముడు ఆగాడు, ఆవిడకి తిరగనప్పుడు నేను ఆగుతాను అంది.

నీ నోరు తడబడితే ఆవిడకి నష్టమని రాశావు. ఈ ఇంట్లో అందరి నోళ్ళూ తడబడుతున్నాయి. తడబడుతూనే అడగాల్సింది అడిగారు, చెప్పాల్సింది చెప్పారు. నువ్వొక్కదానివీ అద్దం ముందు ఎంతకాలం నిలబడతావు?

సోమవారం ఆపరేషను. యార్డు కూడా అదే రోజు తెరుస్తున్నారు, నేను ఆదివారమే వెళ్ళిపోవాలి. నీ బడికి ఇంకా నెల సెలవులున్నాయి. ఆయన కళ్ళు తెరిచి ఆవిడకేసి చూసేసరికి ఆవిడ పక్కన నువ్వుండాలి. పూల దిండుకి కొత్త గలీబు వేయించాను. పెట్టె దించు.

వస్తానని రాయి. ఏ రైలో రాయి. రానంటే ఆ మాట నాకు కాదు, ఆవిడకి రాయి, వాళ్ళ భాషలోనే రాయి. ఏదైనా సరే, శనివారం సాయంత్రం లోపు నాకు అందాలి.

తమ్ముడు